శరీరకుహరాల విభజన – ఉదరవితాన నిర్మాణం: మానవ పిండవికాసంలో ఒక పరిశీలన

వ్యాస సారాంశం:

మానవ శరీరంలో గుండె, ఊపిరితిత్తులు, జీర్ణావయవాలు వేరువేరు కుహరాలలో ఉంటాయి. పిండదశ తొలివారాలలో ఇవన్నీ ఒకే కుహరం. అది క్రమంగా విభజన పొంది హృదయావరణ కుహరం, రెండు పుపుసావరణ కుహరాలు, ఆంత్రవేష్టన కుహరంగా మారుతుంది. ఛాతీకీ ఉదరానికీ మధ్య నిలిచే ఉదరవితానం నాలుగు వేర్వేరు మూలాల కలయికతో ఏర్పడుతుంది. ఈ క్రమాన్ని వివరించి, దానిలో లోపం కలిగినప్పుడు శిశువులో కనిపించే పుట్టుక హెర్నియాను 'చినిగిన గోడ'గా కాక 'పూర్తికాని నిర్మాణం'గా ఎందుకు అర్థం చేసుకోవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పిండవికాసం, శరీరకుహరం, మధ్యస్త్వచం, ఉదరవితానం, విభాజక పటలం, ఫ్రెనిక్ నాడి, పుట్టుక హెర్నియా.

1. ఉపోద్ఘాతం:

గుండె జీవితాంతం కొట్టుకుంటూనే ఉంటుంది. ఊపిరితిత్తులు ప్రతి శ్వాసతో ఉబ్బి తగ్గుతాయి. పేగులు నిరంతరం మెలికలు తిరుగుతూ కదులుతాయి. ఈ అవయవాలు చుట్టూ ఉన్న కండరాలకు, ఎముకలకు అతుక్కుపోయి ఉంటే ఇలాంటి కదలిక సాధ్యం కాదు. ప్రతి అవయవానికీ చుట్టూ నున్నని పొర, ఆ పొరల మధ్య పలుచని ద్రవం, కదలడానికి కొంత చోటు కావాలి. ఆ చోటునే శరీరకుహరం అంటారు.

కుహరం అంటే ఖాళీ కాబట్టి దాని పుట్టుక గురించి చెప్పుకోవలసింది ఏముంటుందని అనిపించవచ్చు. నిజానికి పిండవికాసంలో అవయవాల పుట్టుక ఎంత ముఖ్యమో వాటి మధ్య ఖాళీల పుట్టుక, ఆ ఖాళీల మధ్య గోడల పుట్టుక కూడా అంతే ముఖ్యం. సుమారు 3000 జననాలలో ఒక శిశువు ఉదరవితానంలో లోపంతో పుడుతుంది. పుట్టిన క్షణం నుంచే ఆ బిడ్డకు ఊపిరి అందడం కష్టమవుతుంది. ఆ లోపం పుట్టినప్పుడు బయటపడినా, దాని మూలం గర్భధారణ తొలివారాలలోనే ఉంది.

ఈ వ్యాసంలో వారాల లెక్క ఫలదీకరణ జరిగిన రోజు నుంచి చెప్పింది. ఆసుపత్రులలో చివరి రుతుస్రావం మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. కాబట్టి ఇక్కడ నాలుగో వారం అన్నది వైద్యుల లెక్కలో ఆరో వారం అవుతుంది. వైద్యుల లెక్కను అనుసరించిన ఒక్క సందర్భంలో ఆ సంగతి అక్కడే చెప్పడం జరిగింది.

2. పదాలు – వాటి భావాలు:

'డయాఫ్రమ్' గ్రీకు నుంచి వచ్చిన మాట. అడ్డుగా కట్టిన దడి అని దాని అర్థం. తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాలలో దీనికి రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి 'విభాజక పటలం', రెండవది 'ఉదరవితానం'. మొదటి పేరు దాని పనిని చెబుతుంది; రెండు భాగాలను వేరుచేసే పొర అది. రెండవ పేరు దాని ఆకారాన్ని చెబుతుంది. వితానం అంటే మేల్కట్టు, చాందినీ. పందిరి కింద కట్టిన చాందినీ మధ్యలో పైకి ఉబ్బి అంచుల వద్ద కిందికి వాలినట్లే, ఈ పొర కూడా ఉదరంపై గుమ్మటంలా నిలుస్తుంది.

ఈ రెండు పేర్లు ఒకే అవయవానికి పర్యాయపదాలే అయినా, పిండవికాసం దృష్టితో చూస్తే రెండు దశలను సూచిస్తున్నాయని చెప్పవచ్చు. మొదట ఏర్పడేది కేవలం విభాజక పటలం, అంటే కండరం లేని అడ్డుపొర. దానిలోకి కండరం చేరి, అంచులు పక్కటెముకల దాకా విస్తరించి, గుమ్మటం ఆకారం వచ్చాకే అది ఉదరవితానం అవుతుంది. ఈ రెండు దశలను వేరుగా గుర్తించడం లోపాలను అర్థం చేసుకోవడానికి కూడా అవసరం.

3. ఒకే కుహరం – గుర్రపునాడా ఆకారం:

మూడో వారంలో పిండం మూడు పొరల పలుచని బిళ్ల. పైన బహిస్త్వచం, కింద అంతస్త్వచం, నడుమ మధ్యస్త్వచం ఉంటాయి. మధ్యస్త్వచంలో నడిరేఖకు దూరంగా, పక్కలకు ఉన్న భాగంలో మొదట చిన్నచిన్న ఖాళీలు కనిపిస్తాయి. అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, నాలుగో వారం ఆరంభానికి ఒకే పెద్ద ఖాళీగా మారతాయి. అదే శరీరకుహరానికి తొలి రూపం.

ఈ ఖాళీ మధ్యస్త్వచాన్ని రెండు పొరలుగా చీలుస్తుంది. బహిస్త్వచం వైపు ఉన్న పొర శరీర కుడ్యానికి లోపలి పూత అవుతుంది. అంతస్త్వచం వైపు ఉన్న పొర ఆహారనాళం మొదలైన అవయవాలను కప్పుతుంది. పెద్దవారిలో ఊపిరితిత్తికి అంటుకుని ఒక పొర, ఛాతీ గోడకు అంటుకుని మరొక పొర ఉండడానికి కారణం ఇదే. అవి రెండూ ఒకే కుహరానికి రెండు వైపులా ఉన్న గోడలు.

పైనుంచి చూస్తే ఈ కుహరం గుర్రపునాడాలా ఉంటుంది. నాడా వంపు పిండం తలవైపు, రెండు కాళ్లు తోకవైపు ఉంటాయి. వంపు ఉన్న చోటు తర్వాత హృదయావరణ కుహరం అవుతుంది. కాళ్ల మొదళ్లు పుపుసావరణ కుహరాలకు, మిగిలిన పొడవు ఆంత్రవేష్టన కుహరానికి మూలం. అంటే గది ఒక్కటే. గుండె, ఊపిరితిత్తులు, పేగులు ఉండవలసిన చోట్లు మాత్రం ముందే వరుసగా ఉన్నాయి. ఈ దశలో నాడా కాళ్లు పక్కలకు పిండం వెలుపలి కుహరంతో కూడా కలిసి ఉంటాయి. ఆ కలయిక తర్వాత బొడ్డు వద్ద మాత్రమే కొంతకాలం మిగులుతుంది.

4. పిండం ముడత – స్థానాల మార్పు:

నాలుగో వారంలో ఆ బిళ్ల ముడుచుకుంటుంది. ఇది రెండు దిశలలో జరుగుతుంది. తల, తోక కొనలు కడుపువైపు వంగుతాయి. రెండు పక్కలూ దొప్ప అంచుల్లా దగ్గరకు వచ్చి ముందువైపు కలుసుకుంటాయి. దీంతో బల్లపరుపుగా ఉన్న పిండం గొట్టంలా మారుతుంది. నాడా రెండు కాళ్లు ఆహారనాళానికి ముందు కలిసిపోయి ఒకే పెద్ద ఉదరకుహరంగా ఏర్పడతాయి.

తలవైపు ముడత వల్ల జరిగే మార్పును జాగ్రత్తగా గమనించాలి. ముడవక ముందు పిండం తల కొసన, గుండె ఏర్పడే చోటుకన్నా కూడా ముందు, మధ్యస్త్వచంతో ఏర్పడిన మందమైన దిమ్మ ఒకటి ఉంటుంది. దీనిని శాస్త్ర పరిభాషలో 'సెప్టమ్ ట్రాన్స్‌వర్సమ్' అంటారు. ఈ వ్యాసంలో దీనిని 'అడ్డుపలక' అని వ్యవహరించడం జరిగింది. మెదడు వేగంగా పెరిగి ముందుకు వాలడంతో తల కొస కిందికి ముడుచుకుపోతుంది. చాపను ఒక కొసనుంచి లోపలికి మడిస్తే కొసన ఉన్న అంచు లోపలికీ, దాని వెనుక ఉన్న భాగం ముందుకీ వస్తాయి. పిండంలోనూ అదే జరుగుతుంది. అన్నిటికంటే ముందున్న అడ్డుపలక గుండెకు కిందికి చేరుతుంది. గుండె దాని పైన, నోటికి దిగువన నిలుస్తుంది.

ఇప్పుడు అడ్డుపలక గుండెకూ సొనసంచి కాడకూ మధ్య నిలిచిన తొలి విభజన. కాలేయం మొగ్గ దీనిలోకే పెరుగుతుంది. పెద్దవారిలో కాలేయం ఉదరవితానాన్ని అంటిపెట్టుకుని ఉండడానికి మూలం ఇక్కడ ఉంది. అయితే అడ్డుపలక పూర్తి గోడ కాదు. అది ముందువైపు మాత్రమే అడ్డుగా ఉంటుంది. వెనుకవైపు, ఆహారనాళానికి ఇరుపక్కలా రెండు దారులు తెరిచే ఉంటాయి. పైన హృదయావరణ కుహరాన్ని, కింద ఉదరకుహరాన్ని కలిపే ఈ దారులను పెరికార్డియో-పెరిటోనియల్ కాలువలు అంటారు. ఇకపై వీటిని 'జంట కాలువలు' అని పేర్కొనడం జరుగుతుంది. తరువాతి కథ అంతా ఈ రెండు దారులు మూసుకోవడం గురించే.

5. జంట కాలువల విభజన:

ఐదో వారంలో ఊపిరితిత్తుల మొగ్గలు పక్కలకు పెరిగి ఈ జంట కాలువలలోకి చొచ్చుకువస్తాయి. అంటే ఊపిరితిత్తులకు మొదటి చోటు వేరే గది కాదు, రెండు గదులను కలిపే నడవ. ఆ నడవకు పైనా కిందా తలుపులు పడితేనే అది వేరు గది అవుతుంది. ఆ తలుపులే రెండు జతల మడతలు.

5.1 పై జత మడతలు:

ప్లూరో-పెరికార్డియల్ మడతలు జంట కాలువల పై భాగంలో, పక్క గోడలనుంచి లోపలికి పొడుచుకువస్తాయి. శరీరం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరలు, ఫ్రెనిక్ నాడులు వీటిలో ఉంటాయి. ఊపిరితిత్తులు పెరిగేకొద్దీ పుపుసావరణ కుహరాలు శరీర కుడ్యాన్ని తొలుచుకుంటూ గుండెకు ఇరుపక్కలా ముందుకు వ్యాపిస్తాయి. మడతలు పలుచని పొరలుగా సాగి, ఏడో వారానికి ఆహారవాహికకు ముందున్న కణజాలంతోనూ ఒకదానితో ఒకటీ కలుస్తాయి. దీంతో గుండె గది వేరవుతుంది. ఈ పొరలే గుండెపై ఉండే గట్టి తొడుగులో భాగమవుతాయి. పెద్దవారిలో ఫ్రెనిక్ నాడి గుండె తొడుగు పక్కనుంచే కిందికి దిగుతుంది. ఒకప్పుడు అది ఆ మడతలో ఉండేదనడానికి అదే గుర్తు.

5.2 కింది జత మడతలు:

ప్లూరో-పెరిటోనియల్ మడతలు జంట కాలువల కింది కొసన, వెనుక-పక్క గోడనుంచి బయలుదేరుతాయి. ఐదో వారంలో మొదలై ముందుకూ మధ్యకూ పెరుగుతాయి. ఇవి ముందు అడ్డుపలకతోనూ, మధ్యలో ఆహారవాహికను వెనుక గోడకు కలిపే పొరతోనూ అతుక్కుంటాయి. ఆరు, ఏడు వారాల నాటికి ఛాతీకీ ఉదరానికీ మధ్య దారి మూసుకుంటుంది. కుడివైపు దారి ఎడమవైపు దారికంటే ముందు మూసుకుంటుంది.

6. ఉదరవితానం – నాలుగు మూలాలు:

పై వివరణను బట్టి ఉదరవితానం ఒకేచోట పుట్టి పెరిగిన పొర కాదని తెలుస్తుంది. శాస్త్రగ్రంథాలు సాధారణంగా దానికి నాలుగు మూలాలను చెబుతాయి.

మొదటిది అడ్డుపలక. ఉదరవితానం మధ్యలో కండరం లేకుండా తెల్లగా మెరిసే స్నాయుబంధకం దీని నుంచి వస్తుంది.

రెండవది ప్లూరో-పెరిటోనియల్ మడతల జత. తొలిదశలో ఉదరవితానంలో వీటి వాటా పెద్దది. పుట్టేనాటికి వెనుక-పక్క భాగంలో చిన్న మేరకే పరిమితమైనట్లు కనిపిస్తుంది.

మూడవది ఆహారవాహికను వెనుక గోడకు కలిపే పొర. నడుము వెన్నుపూసలకు అంటిపెట్టుకునే కండరపు పాదాలు దీనిలో పెరుగుతాయి.

నాల్గవది శరీర కుడ్యం. తొమ్మిది నుంచి పన్నెండో వారం వరకు ఊపిరితిత్తులు పెరుగుతూ పక్క గోడలను లోపలివైపు చీలుస్తాయి. అలా విడిపోయిన లోపలి పొర ఉదరవితానం అంచుకు చేరుతుంది. అంచులు కిందికి వాలి గుమ్మటం ఆకారం రావడం ఈ దశలోనే జరుగుతుంది.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాంక్లిన్ మాల్ 1897లో మానవ శరీరకుహర వికాసంపై విపులమైన వ్యాసం ప్రకటించారు. పిండాలను పలుచని కోతలుగా కోసి, వరుసగా పరిశీలించి, ఆకారాలను పునర్నిర్మించే పద్ధతి అది. ఇలాంటి పరిశీలనలో ఏ పొర ఎక్కడ ఉందో తెలుస్తుంది. ఏ కణం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే కణాల జాడ పట్టగల జన్యుపద్ధతులు కావాలి. ఎలుకలలో ఆ పద్ధతులతో జరిపిన ఇటీవలి పరిశోధన పై చిత్రానికి ఒక ముఖ్యమైన సవరణ చేసింది. ఉదరవితాన కండరకణాలు మెడ ప్రాంతపు కాయఖండాలనుంచి వలసవచ్చి, మొదట ప్లూరో-పెరిటోనియల్ మడతలలోకి చేరతాయి. అక్కడినుంచి మడతలలోని సంయోజక కణజాలంతో పాటు అంతటా విస్తరిస్తాయి. కాబట్టి ఆ మడతలు కేవలం దారి మూసే తలుపులు కావు; కండరం ఎటు వెళ్లాలో నిర్దేశించే మార్గదర్శకాలు కూడా.

7. మెడనుంచి నడుము దాకా – నాడి చెప్పే సాక్ష్యం:

ఉదరవితానం ఛాతీ అడుగున ఉంటుంది. దానిని కదిలించే ఫ్రెనిక్ నాడి మాత్రం మెడలోని 3, 4, 5 వెన్నునాడులనుంచి బయలుదేరి, ఛాతీ పొడవునా కిందికి దిగి దానిని చేరుతుంది. ఇంత దూరపు నాడి ఎందుకన్న ప్రశ్నకు పెద్దవారి శరీరంలో సమాధానం దొరకదు. పిండంలో దొరుకుతుంది.

నాలుగో వారంలో అడ్డుపలక మెడ ప్రాంతపు కాయఖండాలకు ఎదురుగా ఉంటుంది. ఐదో వారంలో ఆ ఖండాల నాడులు దగ్గరలోనే ఉన్న దానిలోకి ప్రవేశిస్తాయి. ఆ తర్వాత పిండం వెనుకభాగం, నాడీనాళంతో సహా, ముందుభాగంకంటే వేగంగా పెరుగుతుంది. దానితో పోల్చినప్పుడు ఉదరవితానం కిందికి దిగినట్లవుతుంది. ఆరో వారానికి అది ఛాతీ ఖండాల ఎత్తులోనూ, ఎనిమిదో వారానికి దాని వెనుక అంచు మొదటి నడుము వెన్నుపూస ఎత్తులోనూ ఉంటుంది. నాడి మాత్రం తెగిపోదు, కొత్తగా దగ్గరలో పుట్టదు. సాగుతూ వెంట వస్తుంది. ఊరు విడిచి దూరం వెళ్లినవారికి ఇంటిపేరులో సొంత ఊరు మిగిలినట్లు, ఉదరవితానానికి దాని నాడిలో జన్మస్థానం మిగిలింది.

దీనికి వైద్యంలో ప్రత్యక్ష ప్రయోజనం ఉంది. పిత్తాశయం వాచినప్పుడు, లాపరోస్కోపీ చేసిన తర్వాత కడుపులో కొంత వాయువు మిగిలినప్పుడు ఉదరవితానం కింది పొర రేగి, నొప్పి భుజం మీద తెలుస్తుంది. భుజం చర్మానికి స్పర్శనిచ్చే నాడులు కూడా మెడలోని అవే ఖండాలనుంచి రావడమే కారణం. ఉదరవితానం అంచులకు మాత్రం స్పర్శ కింది పక్కటెముకల నాడులనుంచి అందుతుంది. ఆ భాగం శరీర కుడ్యంనుంచి వచ్చిందనడానికి అదొక ఆధారం. మెడలో మూడో ఖండానికి పైన వెన్నుపాము తెగితే శ్వాస ఆగిపోవడానికీ, దిగువ ఛాతీ భాగంలో తెగితే శ్వాస కొనసాగడానికీ కారణం కూడా ఈ నాడి పుట్టుకే.

8. పూర్తికాని నిర్మాణం:

ఆరో వారంలో పేగులు పెరిగే వేగానికి ఉదరకుహరం చాలదు. అవి బొడ్డుతాడులోకి తాత్కాలికంగా జరుగుతాయి. అది సహజమైన ప్రక్రియే. పదో వారంలో తిరిగి ఉదరంలోకి వస్తాయి. అంతకు ముందే, ఏడో వారానికల్లా, ఛాతీవైపు దారి మూసుకుని ఉండాలి. ఈ రెండు ఘటనల మధ్య వ్యవధి కొద్ది వారాలే. దారి మూసుకోకపోయినా, మూసుకున్న పొర బలహీనంగా ఉన్నా, తిరిగివచ్చిన పేగులు ఛాతీలోకి జరుగుతాయి. జీర్ణాశయం, ప్లీహం, కాలేయంలో కొంతభాగం కూడా వెళ్లవచ్చు. ఊపిరితిత్తికి పెరిగే చోటు దక్కదు. గుండె అవతలి పక్కకు ఒత్తుకుపోతుంది.

ఈ లోపాలలో ఎక్కువ భాగం వెనుక-పక్క ప్రాంతంలో కనిపిస్తాయి. ప్రేగ్ నగరంలో శరీరనిర్మాణ శాస్త్రవేత్తగా పనిచేసిన బోక్డాలెక్ 1848లో దీనిని వర్ణించారు. నేటికీ అది ఆయన పేరుతోనే ప్రసిద్ధం. ఇలాంటి లోపాలలో సుమారు 80 నుంచి 85 శాతం ఎడమవైపే ఉంటాయి. ఎడమ దారి ఆలస్యంగా మూసుకోవడం, కుడివైపు కాలేయం అడ్డుగా ఉండడం దీనికి కారణాలని సాధారణంగా వివరిస్తారు.

ఏర్పడిన పొర గర్భంలో చినగడం వల్ల ఇది వస్తుందని బోక్డాలెక్ భావించారు. తర్వాతి కాలంలో 'కాలువ మూసుకోకపోవడం' అన్న వివరణ స్థిరపడింది. అయితే కొందరు శిశువులలో ఛాతీలోకి జరిగిన అవయవాలపై పలుచని సంచి ఉంటుంది. అంటే అక్కడ పొర ఏర్పడింది, కండరం మాత్రం చేరలేదు. ఈ చిక్కును విప్పడంలో యూటా విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ కార్డన్ బృందం ఎలుకలపై చేసి 2015లో ప్రకటించిన పరిశోధన తోడ్పడింది. ప్లూరో-పెరిటోనియల్ మడతలలోని సంయోజక కణాలలో 'గాటా4' అనే జన్యువు పనిచేయకుండా చేసినప్పుడు, ఉదరవితానంలో అక్కడక్కడ కండరం లేని బలహీన భాగాలు ఏర్పడి, వాటిగుండా అవయవాలు పైకి జరిగాయి. లోపం కండరకణంలో కాదు, దానికి దారి చూపే కణజాలంలో ఉందన్నమాట. రెండో విభాగంలో చెప్పిన భేదం ఇక్కడ ఉపయోగపడుతుంది. కొన్ని సందర్భాలలో విభాజక పటలమే పూర్తికాదు. మరికొన్నింటిలో పటలం ఏర్పడినా అది ఉదరవితానం కాలేకపోతుంది. రెండూ నిర్మాణంలో వెలితులే.

ఈ భేదానికి కుటుంబాల జీవితంలోనూ విలువ ఉంది. ఇలాంటి బిడ్డ పుట్టినప్పుడు తల్లి బరువులు ఎత్తిందనో, జారిపడిందనో, నెలలు నిండాక పనిచేసిందనో నిందించడం సమాజంలో వినిపిస్తూనే ఉంటుంది. చినిగిన గోడ అనుకుంటే అలాంటి కారణాలు వెతకడం సహజమే. కాని ఈ నిర్మాణం కుంటుపడేది తొలి రెండుమూడు నెలలలో, కణాల స్థాయిలో. ఆ నాటికి పిండం పొడవు అంగుళం అటూఇటూగా ఉంటుంది. నెలలు నిండిన తల్లి చేసిన పని దానికి కారణం కాజాలదు.

చికిత్స విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. కేవలం గోడలో సందే సమస్య అయితే అవయవాలను కిందికి దించి కుట్టువేయడంతో తీరిపోవాలి. అమెరికన్ శస్త్రవైద్యుడు రాబర్ట్ గ్రాస్ 1946లోనే పుట్టిన తొలిరోజు శిశువుకు అలాంటి శస్త్రచికిత్స విజయవంతంగా చేసినట్లు ప్రకటించారు. అయినా కుట్టు సరిగ్గా పడిన శిశువులలో కూడా కొందరు దక్కకపోవడానికి కారణం ఊపిరితిత్తి ఎదగకపోవడం, దానిలోని రక్తనాళాలలో ఒత్తిడి ఎక్కువగా ఉండడం. అందుకే నేడు ముందు శ్వాసను, రక్తప్రసరణను నిలకడకు తెచ్చి, ఆ తర్వాతే శస్త్రచికిత్స చేస్తారు. తీవ్రమైన ఎడమవైపు లోపంలో, వైద్యుల లెక్క ప్రకారం 27 నుంచి 29 వారాల మధ్య, గర్భస్థ శిశువు వాయునాళంలో చిన్న బెలూన్ ఉంచి ఊపిరితిత్తి ఎదిగేలా చేసే పద్ధతిపై 2021లో అంతర్జాతీయ పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. బెలూన్ ఉంచిన వర్గంలో 40 శాతం, ఉంచని వర్గంలో 15 శాతం శిశువులు బతికి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరారు. నెలలు నిండకముందే ప్రసవం కావడం మాత్రం ఈ పద్ధతిలో ఎక్కువైంది.

9. ముగింపు:

• గుండె, ఊపిరితిత్తులు, ఉదర అవయవాలు ఉండే గదులు మూడో వారం చివర ఏర్పడిన ఒకే శరీరకుహరపు భాగాలు. వేరుపడటం తర్వాత జరిగిన పని.

• తలవైపు ముడత వల్ల పిండం కొసన ఉన్న అడ్డుపలక గుండె కిందికి చేరి తొలి విభజన అవుతుంది. వెనుక మిగిలిన జంట కాలువలను రెండు జతల మడతలు మూసివేస్తాయి.

• ఉదరవితానం నాలుగు మూలాల కలయిక. దానిలోని కండరం మెడ ప్రాంతంనుంచి వచ్చింది. ఫ్రెనిక్ నాడి మార్గం అందుకు సాక్ష్యం.

• దారి మూసుకోవడం, పొరలో కండరం చేరడం వేరువేరు దశలు. 'విభాజక పటలం', 'ఉదరవితానం' అన్న రెండు తెలుగు పేర్లను ఈ భేదం తెలిసి వాడితే బోధన మరింత స్పష్టంగా ఉంటుంది.

• పుట్టుక హెర్నియా చినిగిన గోడ కాదు, పూర్తికాని గోడ. దాని ప్రభావం ఊపిరితిత్తుల ఎదుగుదల మీద కూడా ఉంటుంది. ఈ అవగాహన వైద్యుడికి చికిత్స క్రమాన్ని నిర్ణయించడంలో తోడ్పడుతుంది. తల్లిని అకారణమైన నింద నుంచి కాపాడుతుంది.